లెక్కకు మించిన పదిహేను ఇంజెక్షన్లు

డి.ఫార్మసీ చదివేటప్పుడు మందుల చట్టం మాకొక సబ్జెక్టు. క్లాసులో అది ఎవరికీ నచ్చేది కాదు. సెక్షన్లు, రూళ్లు, ఫారాల నంబర్లు బట్టీపట్టి పరీక్ష రాసి, ఆ సాయంత్రానికే మర్చిపోయేవాళ్లం. చదువైపోయాక అందరూ పుస్తకాలు కోఠీలో అమ్మేసుకున్నారు. నేను ఆ ఒక్కటి మాత్రం అమ్మలేదు. అందులో ఇన్‌స్పెక్టర్ గురించి రాసిన నాలుగైదు పేజీలు నాకు వింతగా తోచేవి. ఒక మనిషి మరొకరి షాపులోకి వచ్చి బీరువా తెరవమనవచ్చు, రిజిస్టర్లు చూపమనవచ్చు, మందు తీసుకెళ్లవచ్చు, ఫలానా సరుకు ఇరవై రోజులదాకా అమ్మొద్దని ఆపేయవచ్చు. ఇన్ని అధికారాలిచ్చిన చట్టమే పక్క పేజీలో అతని చేతులు కట్టేసింది. తీసుకున్న మందుకు ధర చెల్లించాలి. పట్టుకెళ్లిన ప్రతి కాగితానికీ రసీదు రాసివ్వాలి. సరుకు జప్తు చేస్తే మేజిస్ట్రేటుకు చెప్పాలి. ఇదంతా నిజంగా ఎలా జరుగుతుందో ఒక్కసారి కళ్లారా చూడాలని ఉండేది.

ఆ అవకాశం కొత్తపేటలో దొరికింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెయిన్ రోడ్డు మీద, పండ్ల మార్కెట్ దాటక ముందే, ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేరాను. మా నాన్న విజయవాడ హైవే మీద లారీ తోలేవాడు. చౌటుప్పల్ దగ్గరి ఊరి నుంచి నా చిన్నప్పుడే ఎల్బీ నగర్ వచ్చి కిరాయికి దిగాం. షాపు ఓనరుది గుంటూరు వైపు. ఆయన పాతికేళ్ల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నాన్నకు ఆయనతో పరిచయం ఉండేది కాబట్టి మొదటినుంచీ ఆయన్ని అంకుల్ అనే పిలిచేదాన్ని.

షాపు వెనక గదిలో గోడకు బిగించిన చిన్న ఇనుప బీరువా ఒకటి ఉండేది. నిద్రమాత్రలు, మూర్ఛకు వాడే మాత్రలు, ఆపరేషన్ల తర్వాత నొప్పికి ఇచ్చే ఇంజెక్షన్లు అందులో ఉండేవి. వాటికి అలవాటు పడేవాళ్లుంటారు, వాటి కోసం దొంగ చీటీలు తెచ్చేవాళ్లూ ఉంటారు. అందుకని ఆ బీరువాకు తాళం, ఆ మందులకు విడిగా ఒక రిజిస్టరు. రోగి పేరు, ఇల్లు, డాక్టరు పేరు, బ్యాచ్ నంబరు, ఇచ్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, చివర నా సంతకం. తాళంచెవి నా దగ్గరే ఉండాలని అంకుల్ మొదటిరోజే చెప్పారు.

చేరిన మూడో నెలలో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, కరీంనగర్ వైపు మాట, చేతిలో పాత తోలు సంచి. నేను పుస్తకంలో చదివింది గుర్తొచ్చి, భయపడుతూనే గుర్తింపు కార్డు చూపించమని అడిగాను. అంకుల్ నా వైపు కోపంగా చూశారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వకుండా, విసుక్కోకుండా కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. నేను ఫొటోనీ, మొహాన్నీ పోల్చి చూసేదాకా ఆగాడు.

ఆ రోజు ఒక కంపెనీ జ్వరం మాత్రలు నమూనాగా తీసుకున్నాడు. స్ట్రిప్పులను నాలుగు కవర్లలో సమానంగా పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి ఒక్కో కవరు మీద వేసి, తన ఇత్తడి ముద్ర గుద్దాడు. తర్వాత కవర్లు నా వైపు జరిపి, కావాలంటే మీ గుర్తు కూడా పెట్టుకోవచ్చని చెప్పాడు. నేను షాపు స్టాంపు వేసి సంతకం చేశాను. నాలుగు ఎందుకని అడిగాను. ఒకటి ల్యాబుకు, ఒకటి కోర్టుకు, ఒకటి తయారుచేసినవాళ్లకు అని చెప్పి, నాలుగోది నా చేతికిచ్చాడు.

"గిది మీది. రేపు నేనే మందు మార్చి అబద్ధం చెప్పిననుకో, గీ కవరే మాట్లాడ్తది. భద్రంగ పెట్టు."

తన మీద తనే అనుమానపడే ఏర్పాటు చేసి వెళ్తున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. వెళ్లేముందు షాపులో ఉండే ఇన్‌స్పెక్షన్ బుక్కు అడిగి తీసుకుని, తను చూసినవి అందులో రాసి, ఒక ప్రతి మాకు వదిలి వెళ్లాడు. మాత్రల ధర చెల్లించి మా దగ్గర రసీదు తీసుకున్నాడు. అంకుల్ ఆ డబ్బు వద్దంటే, వద్దనే హక్కు మీకుంది గానీ ఇవ్వకుండా పోయే హక్కు నాకు లేదన్నాడు.

తర్వాత రెండేళ్లూ ఏడాదికోసారి వచ్చాడు. వచ్చినప్పుడల్లా నా దగ్గర ఏవో ప్రశ్నలు ఉండేవి. షాపు మూసి ఉంటే తాళం పగలగొట్టొచ్చా? మేం లేనప్పుడు వెతికితే సాక్షులెవరు? ఆయన బీరువా లోపల లెక్కపెడుతూనే ఓపిగ్గా చెప్పేవాడు.

ఆ తర్వాత సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం ప్రభుత్వ ఉద్యోగులంతా ఆఫీసులు వదిలి రోడ్డు మీదికి వచ్చిన సమ్మె. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి. బళ్లు మూతబడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో రోజూ ఏదో ఒక కార్యక్రమం జరిగేది. ఒకరోజు మానవహారం, ఒకరోజు బతుకమ్మ, ఒకరోజు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. మా నాన్న లారీ కూడా అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రెండ్రోజులు నిలబడిపోయింది. ఆయనకు దాని మీద ఫిర్యాదేమీ లేదు. నేనూ రెండుసార్లు డ్యూటీ అయ్యాక మానవహారంలో నిలబడి వచ్చాను. మందుల షాపులను ఎవరూ మూయమనేవాళ్లు కాదు. అయినా అంకుల్ షట్టరు సగమే ఎత్తేవారు. ఆయన మాట వింటే ఎక్కడివాడో తెలిసిపోతుంది. ఆ నెలన్నర ఆయన కౌంటరు దగ్గర ఎక్కువ మాట్లాడకుండా, వచ్చినవాళ్లతో నన్నే మాట్లాడమనేవారు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. భయం మాత్రం ఆయన మొహంలో కనిపించేది.

సమ్మె మొదలైన రెండో వారంలో సైదాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. అంతకు పది రోజుల ముందు కూడా ఒకసారి వచ్చాడు కాబట్టి నాకు గుర్తున్నాడు. ఆయన భార్యకు క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది. పెద్ద దవాఖాన డాక్టరు నొప్పికి పెంటజోసిన్ ఇంజెక్షన్లు పది రాసిచ్చాడు. వాళ్ల గల్లీలోనే ఉండే ఒక నర్సమ్మ రోజూ ఇంటికి వచ్చి వేస్తుంది. ఆ మందు సైదాబాద్‌లో దొరక్క మా దగ్గరికి వచ్చాడు. అప్పుడు చీటీ చూసి పదీ ఇచ్చాను. రూలు ప్రకారం చీటీ మీద, డాక్టరు సంతకానికి పైన, షాపు స్టాంపు వేసి తేదీ వేశాను. ఆ స్టాంపు పడిందంటే ఆ చీటీ పని అయిపోయినట్టే. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు దాని మీద రాస్తే తప్ప, అదే చీటీ మీద రెండోసారి మందు ఇవ్వకూడదు.

ఇప్పుడు ఆయన అదే చీటీ పట్టుకుని వచ్చాడు. ముందురోజు దవాఖానకు నడిచే వెళ్లాడట. ఓపీ లేదు, ఆ డాక్టరు కనపడలేదు. మంచంలో పక్కకు తిరగలేని మనిషిని ఆటోలో తీసుకెళ్దామంటే దారిపొడవునా రాస్తారోకోలు. కొత్తపేటలో తెరిచి ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కు నేనే ఆయన్ని పంపాను. రోగిని చూడకుండా ఆ ఇంజెక్షన్ రాయనన్నాడట అక్కడి డాక్టరు. ఆయన అన్నదీ తప్పు కాదు. పెద్దాయన తిరిగి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. బతిమాలలేదు, గొంతు పెంచలేదు.

"నిన్నటిసంది అరుస్తలేదు బిడ్డా," అన్నాడు. "అరిచే సత్తువ లేదు. పండ్లు కొరుకుతున్నది. గా చప్పుడు ఇనలేక బైటికొచ్చిన."

నేను లోపలికి వెళ్లి అంకుల్‌ని అడిగాను. ఆయన ఇచ్చెయ్యమన్నారు. "కానీ రిజిస్టర్లో రాయకమ్మా. పాత చీటీ మీద ఇచ్చామని మన చేత్తో మనమే రాసుకుంటే ఎట్లా? నేనేదో ఒకటి సర్దుతాలే," అన్నారు. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్లు కూడా సమ్మెలోనే ఉన్నారు, అడిగేవాడెవడూ లేడని కూడా అన్నారు.

అయిదు ఇంజెక్షన్లు ఇచ్చాను. రిజిస్టరు మూసే ఉంచుదామని చాలాసేపు చూశాను. చివరికి తెరిచి రాశాను. పెద్ద నీతిమంతురాలినని కాదు. మిగిలినవి ఎన్ని అన్న గడిలో అబద్ధం రాస్తే ఆ తర్వాతి ప్రతి గడీ అబద్ధమే అవుతుంది. ఆ లెక్క నా తలలో మోయలేననిపించింది. రోగి పేరు, ఇల్లు, అయిదు. పక్కన: "పాత చీటీ మీద ఇచ్చాను. కొత్త చీటీ లేదు. దవాఖానకు వెళ్లే దారి లేదు. నొప్పి ఎక్కువగా ఉందని భర్త చెప్పాడు." కింద సంతకం. ఇలా రాశానని అంకుల్‌కు చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆ సమ్మె ముగిసేలోపు పెద్దాయన మరో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ అయిదేసి ఇచ్చాను, రెండుసార్లూ అలాగే రాశాను. మొత్తం పదిహేను. ఆ తర్వాత దవాఖానలో ఓపీ మళ్లీ నడిచాక కొత్త చీటీలతోనే వచ్చేవాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ షాపుకు వచ్చాడు. తనిఖీకి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో వంటావార్పు దగ్గర ఎండలో నిలబడి కళ్లు తిరిగాయట. మెడలో గులాబీ కండువా, చొక్కాకు పొగ వాసన. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు అడిగాడు. స్టూలు వేసి కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. మూడేళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్నల్లో అన్నిటికంటే పెద్దది అప్పుడు అడిగాను. మీరంతా సమ్మెలో ఉంటే చట్టం కూడా సమ్మెలో ఉన్నట్టేనా అని.

ఆయన గ్లాసు పూర్తిగా తాగి పక్కన పెట్టాడు.

"నేను సమ్మెల ఉన్న. నీ రిజిస్టరు లేదు గద," అన్నాడు. "ఏడాదికి ఒక్కదినం వస్త నేను. మిగిలిన దినాలు తనిఖీ చేసేది నువ్వే. గందుకే నీ సంతకం అడుగుతది చట్టం, నాది కాదు."

అప్పుడే చెప్పేద్దామనిపించింది. అప్పటికి పాత చీటీ మీద పది ఇంజెక్షన్లు పోయాయి. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆయన ఆ రోజు కొనుక్కోవడానికి వచ్చినవాడు. చెబితే ఆయనకు వినక తప్పదు, విన్నాక ఊరుకోలేడు. ఓఆర్ఎస్‌కు డబ్బులిచ్చి, కండువా సర్దుకుని మళ్లీ చౌరస్తా వైపు వెళ్లిపోయాడు.

సమ్మె విరమించిన మూడు వారాలకు తోలు సంచితో వచ్చాడు. ఈసారి అంకుల్ స్వయంగా కుర్చీ వేశారు. బీరువా తెరిచాను. ఆయన రిజిస్టరు పక్కన పెట్టుకుని, ఇంజెక్షన్ల డబ్బాలు బల్ల మీద పేర్చి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి బ్యాచ్ నంబరు చదువుతూ లెక్కపెట్టాడు. పాత చీటీల ఎంట్రీలు మూడూ చదివాడు. చదువుతున్నప్పుడు ఆయన మొహం చూశాను. ఏమీ తెలియలేదు. తర్వాత అమ్మకం బిల్లుల పుస్తకం అడిగాడు. దాన్ని తిరగేసి, మళ్లీ రిజిస్టరు చూసి, మళ్లీ ఇంజెక్షన్లు లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇరవై ఆరేండ్ల సర్వీసు నాది," అన్నాడు. "బీరువల తక్కువ పడ్డది మస్తు చూసిన. ఎక్కువ పడ్డది గిదే మొదలు."

నాకు అర్థం కాలేదు. కొన్న బిల్లుల నుంచి అమ్మిన బిల్లులు తీసేస్తే బీరువాలో పదకొండు ఉండాలి. ఉన్నవి ఇరవై ఆరు. నా రిజిస్టరు ప్రకారం చూస్తే ఇరవై ఆరే ఉండాలి, ఉన్నాయి. పదిహేను ఎక్కువ. పెద్దాయనకు ఇచ్చిన వాటికి నేనే బిల్లులు వేశాను, అవి పుస్తకంలో ఉన్నాయి. అవి కాక మరో పదిహేనింటికి అంకుల్ చేతిరాతతో ఒకే ఒక్క బిల్లు ఉంది. నాగోల్ వైపు ఒక నర్సింగ్ హోం పేరు మీద. బిల్లు తేదీ చూసి ఇన్‌స్పెక్టర్ మరో మాట అడిగాడు. ఆ రోజు పూర్తి బంద్. మెడికల్ షాపులు తప్ప ఏదీ నడవలేదు, బండి కదలలేదు. నాగోల్‌కు సరుకు ఎట్ల పోయింది?

అంకుల్ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన సంగతి మెల్లగా చెప్పారు. నేను రిజిస్టర్లో రాయలేదనుకున్నారు. బిల్లులు కూడా నేను వేసి ఉండనని అనుకుని, పుస్తకం తిప్పి చూడకుండానే, పోయిన పదిహేనూ ఎక్కడికి పోయాయంటే చూపించడానికి ఒక నర్సింగ్ హోం పేరు మీద రాసిపెట్టారు. నేను నిజం రాశాను, ఆయన దాని మీద అబద్ధం రాశారు. రెండూ కలిసి, ఒక్కసారి బయటికి పోయిన మందు కాగితం మీద రెండుసార్లు పోయింది.

"పిల్ల ఇబ్బంది పడకూడదని చేశాను సార్," అన్నారు అంకుల్. కాస్త ఆగి, "నాకూ ఇబ్బంది రాకూడదని," అని కూడా అన్నారు. ఆ రెండో మాట అనకపోయి ఉంటే నాకు ఆయన మీద ఇంకోలా ఉండేదేమో.

ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగింది ఒక్కటే. ఇస్తే తప్పని తెలిసే ఇచ్చావా అని. తెలిసే ఇచ్చానన్నాను. మరి తప్పని తెలిసి ఎందుకు రాశావని అడగలేదు. తర్వాత ఎప్పుడైనా అడుగుతాడేమోనని చూశాను గానీ అడగలేదు.

ఆయన గంటన్నర కూర్చుని ఇన్‌స్పెక్షన్ బుక్కులో రాశాడు. ఇంత మంచిమనిషి కదా, ఏదో ఒక దారి చూపిస్తాడని నాకు మనసులో ఎక్కడో ఉంది. రాసింది నాకు చదవమని ఇచ్చాడు. పనైపోయిన చీటీ మీద మూడుసార్లు మందు ఇచ్చారని రాశాడు. జరగని అమ్మకానికి బిల్లు ఉందని రాశాడు. ఏదీ తగ్గించలేదు. కింద ఇంకో రెండు వాక్యాలు కూడా ఉన్నాయి: మూడు ఎంట్రీలూ ఇచ్చిన రోజునే, దాచకుండా రాసి ఉన్నాయని, భౌతికంగా ఉన్న సరుకు రిజిస్టరుతో సరిగ్గా సరిపోయిందని. లోపాలు రాసే పుస్తకంలో ఇవి కూడా రాస్తారా అని అడిగాను. చూసింది రాయాలని ఉంది గానీ, చెడ్డదే చూడాలని చట్టంలో ఎక్కడా లేదన్నాడు. ఆ బిల్లు పుస్తకం తనతో తీసుకెళ్లాడు. దానికి రసీదు రాసిచ్చాడు.

ఆయన వెళ్లాక నేను ఇంజెక్షన్ల డబ్బాలు తిరిగి బీరువాలో సర్దాను. సాయంత్రం టీ తెప్పించి, అంకులే అడిగారు. నేను ఆంధ్రావాణ్ణని పట్టుకున్నాడంటావా అమ్మాయ్ అని. అలాంటి ప్రశ్న ఆయన నన్ను అడగటం అదే మొదలు. పట్టుబడింది నేను కూడా కదా అంకుల్ అన్నాను. ఆయన తల ఊపారు. నమ్మారో లేదో తెలియదు.

పది రోజులకు నోటీసు వచ్చింది. లైసెన్సు ఎందుకు సస్పెండ్ చేయకూడదో కారణాలు చెప్పుకొమ్మని. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా లైసెన్సు ముట్టుకోకూడదని పుస్తకంలో చదివాను. అది నిజంగా కవరులో వచ్చి చేతిలో పడితే, భయంతో పాటు ఒక రకమైన ఆశ్చర్యం కూడా కలిగింది. జవాబు రాసే పని అంకుల్ నాకే అప్పగించారు. పాత పుస్తకం ముందు పెట్టుకుని మూడుసార్లు రాశాను. మొదటిదాంట్లో అంతా సాకులే. రెండోదాంట్లో అంతా క్షమాపణలే. మూడోదాంట్లో జరిగింది జరిగినట్టు రాసి, నర్సింగ్ హోం బిల్లు దగ్గర ఆగి అంకుల్‌ని అడిగాను. "రాసెయ్యమ్మా. ఇంకో అబద్ధం రాస్తే దాన్ని నిలబెట్టడానికి మరోటి రాయాలి, నా వల్ల కాదు," అన్నారు ఆయన.

విచారణకు ఇద్దరం వెళ్లాం. పై ఆఫీసరు బల్లకు అటువైపు, ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి. సమ్మెలో కండువా వేసుకుని షాపులో నీళ్లు తాగిన మనిషే అయినా, ఆ గదిలో మమ్మల్ని ఎరగనట్టే ఉన్నాడు. ఆఫీసరు ఇంజెక్షన్ల గురించి నన్ను అడిగిన దానికంటే, బిల్లు గురించి అంకుల్‌ని అడిగిందే ఎక్కువ. రోగి నొప్పి చూసి రూలు దాటినవాళ్లను రోజూ చూస్తుంటాం, లేని అమ్మకం పుట్టించడం వేరని చెప్పారు. ఆ బిల్లును చూసి రేపు ఎవరైనా నర్సింగ్ హోం మీద పడితే, చేయని దానికి వాళ్లు జవాబు చెప్పుకోవాలి కదా అన్నారు. ఆ కోణం అంకుల్‌కూ నాకూ అప్పటిదాకా తట్టలేదు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి, ఈ షాపు మీద పదకొండేళ్లుగా ఏ లోపమూ నమోదు కాలేదని పాత ఇన్‌స్పెక్షన్ల తేదీలతో సహా చదివాడు. అడగకుండానే చదివాడు. అంకుల్ ఆయన వైపు తిరిగి చూశారు. బయటికి వచ్చాక నాతో ఒకే మాట అన్నారు: "నేననుకున్నట్టు కాదమ్మా ఆయన."

వారం రోజులు లైసెన్సు సస్పెండ్ చేశారు. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక. పై అధికారులకు అప్పీలు చేసుకోవచ్చని ఆర్డరు చివర ఉంది. అంకుల్ చేసుకోలేదు. అమ్మకాలు ఆపాం గానీ రోజూ వెళ్లి, షట్టరు సగం దించుకుని అరలు తుడిచి, గడువు తీరిన మందులు వేరు చేసేవాళ్లం. సస్పెన్షన్ నోటీసు అతికించిన షట్టరు ముందు నుంచి తెలిసినవాళ్లు వెళ్తుంటే ఆయన లోపలి గదిలోకి వెళ్లేవారు. నేను కౌంటరులోనే ఉండేదాన్ని. నన్ను పనిలోంచి తీసేస్తారేమోనని ఇంట్లో అమ్మ భయపడింది. ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఆ తర్వాత మరో రెండేళ్లు నేను అక్కడే చేశాను.

మూసి ఉన్న ఆ వారంలో అయిదో రోజు పెద్దాయన వచ్చాడు. షట్టరు కింద నుంచి వంగి చూసి పిలిచాడు. గుండు కొట్టించుకుని ఉన్నాడు. చూడగానే తెలిసింది. ఆమె పోయి పన్నెండు రోజులైందట. చేతిలో గుడ్డ సంచిలోంచి ఒక చిన్న అట్టపెట్టె తీసి కౌంటరు మీద పెట్టాడు. మూడు ఇంజెక్షన్లు మిగిలాయి.

"ఇంట్ల పెట్టుకోవద్దని నర్సమ్మ చెప్పింది. చెత్తల పారేస్తే ఎవరన్న పిలగాండ్లకు దొరుకుతయేమోనని తెచ్చిన," అన్నాడు.

ఒకసారి షాపు దాటి వెళ్లిన మందును తిరిగి తీసుకుని అమ్మకూడదు, అది తెలుసు. కానీ ఇలా వచ్చినదాన్ని ఏం చేయాలి? నా పుస్తకంలో దీని గురించి ఏమీ దొరకలేదు. మా దగ్గర పెట్టుకుంటే బీరువాలో మళ్లీ మూడు ఎక్కువ. అంకుల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు ఫోన్ చేశారు, అదీ తనంతట తనే. అటునుంచి ఆయన చెప్పింది అంకుల్ నాకు చెప్పారు: తెచ్చినాయన ముందే పగలగొట్టి పారబోయండి, ఆయనతోనే సంతకం పెట్టించి, ఆ కాగితం నాకు పంపండి.

వెనక గదిలో సింకు ఉంది. మొదటి ఇంజెక్షన్ గాజు సీసాను, మెడ దగ్గర గీతలాగా ఉండే చోట గుడ్డతో పట్టుకుని విరిచాను. చిన్న చప్పుడు. రెండోది అంకుల్ విరిచారు. మూడోది పెద్దాయన తను విరుస్తానన్నాడు. మెకానిక్ చేతులు, ఒక్క వేలికీ గాజు తగలకుండా విరిచాడు. మందు సింకులోకి వంచి, కొళాయి తిప్పి నీళ్లు వదిలి, అవి పూర్తిగా పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

రిజిస్టర్లో రాశాను. తిరిగి వచ్చినవి మూడు, నాశనం చేసినవి మూడు. రోగి పేరు గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన పెన్ను అడిగి, భార్య పేరు తనే రాశాడు. పక్కన సంతకం చేశాడు. రిజిస్టరు తన వైపు తిప్పుకుని, పైన నేను రాసిన మూడు ఎంట్రీలూ చదివాడు. నొప్పి ఎక్కువగా ఉందని భర్త చెప్పాడు అన్న చోట వేలు పెట్టి అడిగాడు.

"గీ పుస్తకం ఎన్ని దినాలు ఉంచుతరు బిడ్డా?"

చివరి ఎంట్రీ నుంచి రెండేళ్లు ఉంచాలని రూలు ఉందని చెప్పాను. ఆ తర్వాత ఏం చేస్తారని అడిగాడు. దాని గురించి రూల్లో ఏమీ లేదు, మా ఇష్టం అన్నాను. ఆయన తల ఊపి, పెన్ను క్యాపు పెట్టి నా చేతికిచ్చి, షట్టరు కింద నుంచి వంగి బయటికి వెళ్లాడు.